గోడ దూకే అబ్బాయి, నోరు మెదపని అమ్మాయి

జూన్‌లో బడులు తెరవగానే చర్ల, దుమ్ముగూడెం, గుండాల మండలాల కోయ గూడేల పిల్లలు ట్రంకు పెట్టెలతో ఆశ్రమ పాఠశాలలకు చేరతారు. ఇంట్లో మాట్లాడేది కోయ, బడిలో తెలుగు. ఊరు వదిలిన బెంగ, కొత్త భాష, మారుతున్న ఒళ్లు అన్నీ ఒకేసారి మీద పడే వయసు అది.

కొన్నాళ్లకు ఒక అబ్బాయి గోడ దూకి ఇంటికి పారిపోతాడు. వార్డెన్‌ నుంచి తల్లిదండ్రుల దాకా అందరూ కంగారు పడతారు. అదే హాస్టళ్లలో ఒక అమ్మాయి కడుపునొప్పి అంటూ అన్నం మానేస్తుంది. మాత్ర ఇస్తారు, అంతటితో సరి. ఇద్దరిదీ బెంగే. ఒకరిది మాత్రమే బడి లెక్కలోకి వస్తుంది.

పిల్లలు పరిసరాలతో ఎంతవరకు కుదురుకున్నారో కొలవడానికి మనస్తత్వవేత్తలు ప్రశ్నావళులు వాడతారు. హ్యూ బెల్ 1934లోనే ఒకటి తయారుచేశాడు. మన దేశంలో సిన్హా, సింగ్‌ల ప్రశ్నావళి ప్రసిద్ధం. ఉద్వేగాలు, స్నేహాలు, చదువు గురించి 60 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. ఇబ్బందల్లా ఇక్కడే. ‘భయమేస్తుందా’ అంటే అవునని రాయడానికి పదమూడేళ్ల మగపిల్లాడు జంకుతాడు. కోపం వస్తుందని ఒప్పుకోవడం ఆడపిల్లకు కష్టం.

సుమారు 13 ఏళ్ల నుంచి కుంగుబాటు ఆడపిల్లల్లో పెరుగుతూ పోయి మగపిల్లల కంటే దాదాపు రెట్టింపవుతుందని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. మగపిల్లల బాధ కొట్లాటగా, బడి ఎగ్గొట్టడంగా, మత్తు అలవాట్లుగా బయటపడుతుంది. అంతమాత్రాన ఇద్దరి మనసులూ వేరని అనుకోకూడదు. మానసిక లక్షణాల్లో స్త్రీ పురుషుల తేడాలు చాలావరకు స్వల్పమేనని మనస్తత్వవేత్త జానెట్ హైడ్ 2005లో చూపింది. మన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో (2015-16) 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నట్టు తేలింది. అందులో ఆడామగా దాదాపు సమానం.

బాధ బయటపడే తీరులోని తేడాను ఎక్కువగా పెంచేది మన పెంపకమేనని నా నమ్మకం. పిల్ల పెద్దమనిషి కాగానే పెళ్లి మాట మొదలవుతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. సెలవులకు ఇంటికొస్తే వంట, చంటిపిల్లలు, మిరప ఏరడం, తునికాకు కోత ఆమె కోసం కాచుకుని ఉంటాయి. అడవికీ సంతకూ స్వేచ్ఛగా తిరిగిన కోయపిల్లకు తాళం వేసిన హాస్టల్ గేటు మరీ ఇరుకు. మగపిల్లాడికేమో ‘ఏడుస్తావేంట్రా’ అన్న మందలింపు. ట్రాక్టరెక్కి కూలి డబ్బు తెస్తే మాత్రం మర్యాద. వాడి గుబులు వినే తీరిక ఎవరికీ ఉండదు.

అమ్మాయినీ అబ్బాయినీ సమానంగా చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2014 మే 25న ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. తోడు వెళ్లిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరికీ ఒకే శిక్షణ ఇచ్చారు, ఇద్దరినీ ఒకేలా నమ్మారు.

ఉపాధ్యాయులకు నా విన్నపం. పారిపోయి తిరిగొచ్చిన అబ్బాయిని కొట్టకండి, ఎందుకెళ్లావని అడగండి. నెమ్మదిగా ఉందని మెచ్చుకునే అమ్మాయిని కాస్త పక్కకు పిలిచి, వీలైతే కోయలోనే పలకరించండి. మీ చేతిలో లేదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రయినా పలుకుతారు.