దిద్దిన చేయి కనిపించదు

మన ఉద్యోగులలో భాషాభిమానులకు కొదువ లేదు. కాలనీ సంక్షేమ సంఘం వార్షిక సంచిక కానీయండి, దేవాలయ కుంభాభిషేక సంచిక కానీయండి, పదవీ విరమణ చేసిన పెద్దల స్వీయచరిత్ర కానీయండి, ప్రూఫులు దిద్ది వాక్యాలు సవరించి పెట్టేవారు ప్రతి కార్యాలయంలోనూ ఒకరిద్దరు వుంటారు. ఇది జీతం లేని కొలువు. ఆ శ్రమకు ఒక మంచి మాటైనా దక్కకపోగా, "నా వాక్యాన్ని ఎందుకు మార్చారు?" అన్న నిష్ఠూరమే తరచు ఎదురవుతుంది.

దీనికి కారణం కొంతవరకు ఆ పనిలోనే వున్నది. కూరలో ఉప్పు సరిపోయిననాడు దాని ఊసెత్తేవారుండరు. పరిష్కరణ కూడ అటువంటిదే. తొలగిన తప్పు పాఠకుని కంటబడదు; మిగిలిపోయిన ఒక్క అచ్చుతప్పు మాత్రం అందరికీ కనబడుతుంది.

ఈ విషయంలో పుదుచ్చేరి పట్టణ చరిత్ర గమనింపదగినది. 1926 నవంబరులో ఏకాంతవాసం స్వీకరించిన పిదప శ్రీ అరవిందులు శిష్యులతో ప్రధానంగా లేఖల ద్వారానే సంభాషించేవారు. ఎడింబరోలో వైద్యవిద్య నేర్చి వచ్చిన నీరద్‌బరన్ తమ కవితలను 1930లలో వారికి పంపగా, చదివి, దిద్ది, వ్యాఖ్యానించి తిప్పి పంపేవారు. శిష్యుడు అంతటితో ఊరకుండక సందేహాలు, వాదనలు, అలకలు మరల కాగితమెక్కించేవాడు. గురువు హాస్యం మేళవించి జవాబు వ్రాసేవారు. కాలక్రమాన గురువు చూపు మందగించగా, ఆ శిష్యుడే లేఖకుడై 'సావిత్రి' మహాకావ్యాన్ని వారు చెప్పగా వ్రాసుకొన్నాడు.

ఆ కావ్యం 1950, 51 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. చెప్పినది వినడంలో, ప్రతి తీయడంలో, టైపు చేయడంలో, అచ్చు కూర్చడంలో దొర్లిన పొరపాట్లను ఆశ్రమ గ్రంథ భాండాగారంలోని పరిష్కర్తలు, జీతం లేకుండా పనిచేసే ఆశ్రమవాసులు, వ్రాతప్రతులతో సరిపోల్చి సవరించారు. వారి పరిష్కృత ముద్రణ 1993లో వచ్చింది. దానికి మెప్పుతో పాటు తీవ్రమైన అభ్యంతరాలు కూడ ఎదురైనాయి. చిరకాలంగా పారాయణ చేసిన పంక్తిలో ఒక్క పదం మారినా భక్తుని మనస్సు నొచ్చుకొనడం సహజమే. పరిష్కర్తలు 1994లో తేడాలను వివరించే అనుబంధ గ్రంథాన్ని వెలువరించారు. నిందకు నిందతో గాక, చేసిన పనికి కారణాలు చూపుతూ బదులిచ్చారు.

మా అనుభవం ఒకటి చెప్పవలసి వున్నది. ఒక పెద్దమనిషి జీవిత విశేషాలను మేము నెలల తరబడి సాయంకాలాలు వెచ్చించి తీర్చిదిద్దాము. ఆవిష్కరణ సభలో వారు ముద్రాపకునికి, ఫోటోగ్రాఫరుకు కూడ ధన్యవాదాలు చెప్పి మమ్ము మరచారు. మా ఇంట ఆ రాత్రి అన్నం సహించలేదు. మా పేరు చెబితే "తనకు వ్రాయడం రాదని నలుగురూ అనుకొంటారేమో" అన్న సంకోచమే ఆ మౌనానికి కారణమని చాలకాలానికి తెలిసింది. కృతఘ్నత వలె కనబడేదంతా కృతఘ్నత కాదు. అందులో కొంత బిడియం వుంటుంది.

అయితే సహనం ఒక్కటే చాలదు. పని ఒప్పుకొనేముందే అక్షరదోషాలు మాత్రమే దిద్దుతామా, వాక్యాలు కూడ సవరిస్తామా, ఎన్ని పర్యాయాలు చూస్తామన్నది స్పష్టంగా చెప్పుకోవాలి. చేసిన మార్పులను పక్కన వ్రాసి, ముఖ్యమైన వాటికి కారణం చూపాలి. అప్పుడు మన శ్రమ రచయితకైనా కంటబడుతుంది. శైలి విషయంలో తుది మాట రచయితదే. వాస్తవ దోషం మాత్రం ఒకసారి నిర్మొహమాటంగా చెప్పి, ఆపై నిర్ణయం వారికే విడిచిపెట్టాలి. అయినా అవమానమే మిగిలితే, చేపట్టిన పని ముగించి, మరుసటిసారి "తీరిక లేదండీ" అని మర్యాదగా తప్పుకొనవచ్చు. ఉచిత సేవ వెట్టిచాకిరీ కారాదు.

రచయిత మెచ్చినా మెచ్చకున్నా, ఆ పుస్తకం రేపు ఏ విద్యార్థి చేతికో వెళ్తుంది. అతడు తడబడక ఒక పుట చదువుకొనగలిగితే, ఆ సుఖపఠనంలో మన పాలు వున్నది. ఎరుపు సిరా పట్టిన చేతికి అంతకు మించిన బహుమానం అరుదు.