ఎన్నికల హామీ మీ ఇంటిదాకా వస్తుందా? ఏ కాగితం చూస్తే తెలుస్తుంది?

కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన మర్నాటి నుంచి ఇంటింటా ఒకటే ప్రశ్న: చెప్పినవన్నీ ఇస్తారా? టీవీ చర్చల్లో దీనికి రెండే జవాబులు దొరుకుతాయి. అధికార పక్షం అన్నీ ఇచ్చేశామంటుంది, ప్రతిపక్షం ఒక్కటీ ఇవ్వలేదంటుంది. రెండింటితోనూ మీకు పని లేదు. మీ ఇంటికి ఏది వస్తుంది, ఎప్పుడు వస్తుంది, రాకపోతే ఎవరిని అడగాలి? మీకు కావాల్సింది ఇదీ.

ఇది తెలియడానికి నాయకుడి మనసులో ఏముందో చదవక్కర్లేదు. హామీ ఏ కాగితం దాకా వచ్చిందో చూస్తే చాలావరకు అర్థమవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో గెలిచిన కాంగ్రెస్ ఇచ్చిన ఆరు గ్యారంటీలను ఉదాహరణగా తీసుకుందాం. వాటిలో కొన్ని రెండు రోజుల్లో మొదలయ్యాయి, కొన్ని రూపు మారి వచ్చాయి, కొన్ని ఆగిపోయాయి. ఎందుకలా జరిగిందో తెలిస్తే ఏ ప్రభుత్వం వచ్చినా మీ లెక్క మీరు వేసుకోవచ్చు.

సభలో ఒక మాట, జీవోలో మరో మాట

రుణమాఫీతో మొదలుపెడదాం. ఇది ఆరు గ్యారంటీల జాబితాలో లేదు, కానీ ప్రచారంలో వాటికంటే గట్టిగా వినిపించిన హామీ. సభల్లో రైతులు విన్నది 'రెండు లక్షల వరకు మాఫీ' అని. మొదట చెప్పిన గడువు 2023 డిసెంబరు 9. తర్వాత లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో అది 2024 ఆగస్టు 15కు మారింది.

మార్గదర్శకాలతో జీవో వచ్చింది 2024 జూలై 15న. హామీ అసలు రూపం అప్పుడే బయటపడింది. మాఫీ రైతుకు కాదు, రైతు కుటుంబానికి. కుటుంబం అంటే ఎవరెవరో రేషన్ కార్డును బట్టి తేలుస్తారు. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న, లేదా రెన్యువల్ చేయించుకున్న పంట రుణాలకే వర్తిస్తుంది. స్వయం సహాయక సంఘాల రుణాలకు వర్తించదు. బాకీ రెండు లక్షలు దాటితే ఆ పైమొత్తాన్ని ముందు బ్యాంకులో కట్టాలి, ఆ తర్వాతే రెండు లక్షలు వస్తాయి.

ఇది ఎంత తేడా తెస్తుందో చూడండి. ఒక ఇంట్లో భర్త పేరున లక్షన్నర, భార్య పేరున లక్ష అప్పు ఉందనుకుందాం. సభలో విన్నదాని ప్రకారం ఇద్దరివీ రెండు లక్షల లోపే, ఇద్దరివీ పోవాలి. జీవో ప్రకారం వాళ్లది ఒకే కుటుంబం, బాకీ రెండున్నర లక్షలు. ముందు రూ.50 వేలు తెచ్చి కట్టాలి. రుణమాఫీ కోసం ఎదురుచూసే ఇంట్లో, అదీ వానాకాలం పెట్టుబడులకు వెతుక్కునే రోజుల్లో, ఆ 50 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? కట్టలేని ఇంటికి రెండు లక్షల హామీ సున్నాగా మిగులుతుంది.

2024 జూన్‌లో మంత్రివర్గం దీనికి రూ.31,000 కోట్లు కావాలని అంచనా వేసింది. జూలై 18, జూలై 30, ఆగస్టు 15, చివరగా నవంబరు 30 తేదీల్లో నాలుగు విడతలుగా ఇచ్చిన మొత్తం సుమారు రూ.20,617 కోట్లు. లబ్ధి పొందినవాళ్లు 25 లక్షల పైచిలుకు రైతులు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. ఒక రాష్ట్రం ఆరు నెలల్లోపు అంత డబ్బు రైతుల ఖాతాల్లో వేయడం మామూలు విషయం కాదు. కానీ మొదటి అంచనాకూ చివరి లెక్కకూ మధ్య పది వేల కోట్లకు పైగా తేడా ఉంది. మాఫీ పూర్తయిందని ప్రభుత్వం అనేది జీవో లెక్కన. కాలేదని ప్రతిపక్షాలు అనేది సభలో చెప్పిన మాట లెక్కన. ఇద్దరూ వేర్వేరు కొలబద్దలు పట్టుకుని మాట్లాడుతున్నారు. మీ ఖాతాకు వర్తించేది మాత్రం జీవోనే.

అందుకే ఏ పథకం ప్రకటించినా మూడు మాటలు వెతకండి: ఎవరికి, ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. రూ.500 గ్యాస్ సిలిండర్‌నే చూడండి. ఆ ధర చెప్పినా సిలిండర్ ఇంటికి తెచ్చిన మనిషికి మీరు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదీ గత మూడేళ్లలో మీరు వాడిన సగటు సిలిండర్ల సంఖ్య వరకే. పొదుపుగా వాడుకున్న ఇంటికి తక్కువ, ధారాళంగా వాడిన ఇంటికి ఎక్కువ. ఇది ఏ సభలోనూ వినపడని మెలిక.

కొన్ని ఎందుకు త్వరగా వచ్చాయి?

రేవంత్ రెడ్డి 2023 డిసెంబరు 7న ప్రమాణం చేశారు. డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. రెండు రోజుల్లో ఎలా సాధ్యమైంది? ఆ పథకానికి దరఖాస్తు లేదు, లబ్ధిదారుల జాబితా లేదు, బ్యాంకు ఖాతా లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. ముఖ్యంగా, ఆ రోజు ఖజానా నుంచి రూపాయి బయటికి రానక్కర్లేదు. టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి బాకీ పడుతుంది, తర్వాత చెల్లిస్తుంది. భారం ముందు సంస్థ మీద, తర్వాత బడ్జెట్ మీద.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఉచిత బస్సు 'స్త్రీ శక్తి' పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. చంద్రబాబు నాయుడు ప్రమాణం చేసింది 2024 జూన్ 12న, అంటే పద్నాలుగు నెలలు పట్టింది. కానీ ఆయన పింఛను హామీని వెంటనే అమలు చేశారు. 2024 జూలై 1న వృద్ధులకు, వితంతువులకు రూ.4,000 పింఛను, ఏప్రిల్ నుంచి పెంపు బకాయి మరో రూ.3,000, మొత్తం రూ.7,000 చేతికి అందాయి. దాదాపు 65 లక్షల మంది జాబితా, ఇంటికి తెచ్చి ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉన్నాయి. మారాల్సింది ఒక్క అంకె.

జాబితా సిద్ధంగా ఉంటే హామీ త్వరగా అమలవుతుందని అనుకోవచ్చు. సగమే నిజం. తెలంగాణలోనూ పింఛనుదారుల జాబితా ఉంది. 'చేయూత' గ్యారంటీ కింద రూ.4,000 ఇస్తామన్న పింఛను 2025-26 బడ్జెట్ పెట్టే నాటికి కూడా రూ.2,016 దగ్గరే ఉంది. ఎందుకో గుణించి చూస్తే తెలుస్తుంది. 40 లక్షల మందికి నెలకు 2,000 అదనంగా ఇవ్వాలంటే నెలకు రూ.800 కోట్లు, ఏడాదికి రూ.9,600 కోట్లు. ఒకసారి పెంచితే మళ్లీ తగ్గించలేరు. ప్రతి ఒకటో తారీఖుకూ అంత డబ్బు సిద్ధంగా ఉండాలి.

మహిళలకు నెలకు రూ.2,500 హామీదీ అదే కథ. 2025 మార్చిలో బడ్జెట్ పెట్టే నాటికి అది మొదలు కాలేదు. ఒక 50 లక్షల మందికే ఇచ్చినా ఏడాదికి రూ.15,000 కోట్లు కావాలి. ఆ బడ్జెట్‌లో మహాలక్ష్మి పేరిట చూపింది రూ.4,305 కోట్లు. ఏ మంత్రి ఏం చెప్పినా ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఆ ఏడాది అందరికీ పూర్తిగా అందే పథకం కాదని మీకే తెలిసిపోతుంది.

కొన్నిసార్లు అంకె కోతతో వస్తుంది. ఏపీలో 'తల్లికి వందనం' ఒక్కో విద్యార్థికి రూ.15,000 అన్నారు. 2025 జూన్‌లో ఇచ్చినప్పుడు తల్లి ఖాతాలో పడింది రూ.13,000. మిగతా 2,000 బడుల నిర్వహణకు అన్నారు. తెలంగాణలో రైతు భరోసా ఎకరాకు ఏడాదికి రూ.15,000 అన్నారు. 2025 జనవరి 26న మొదలైంది రూ.12,000తో. అంతకుముందు రైతుబంధు కింద వచ్చింది రూ.10,000. పాతదానికంటే ఎక్కువ, చెప్పినదానికంటే తక్కువ.

ఏ రికార్డులోనూ పేరు లేనివాళ్లు

రైతు భరోసాలో డబ్బు తగ్గడం కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది, దాని గురించి చర్చ తక్కువ. మేనిఫెస్టోలో కౌలు రైతులకు కూడా అని ఉంది. అమలులో డబ్బు పడింది పట్టాదారు పాస్ పుస్తకం ఉన్నవాళ్ల ఖాతాల్లో. కౌలుదారు పేరు భూ రికార్డులో ఉండదు. సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011లోనే, ఉమ్మడి రాష్ట్రంలో, వచ్చింది. కానీ కౌలు కాగితం మీదికి వస్తే పొలం చేజారుతుందేమోనని యజమాని భయం, కౌలు ఊడుతుందేమోనని సాగుదారు భయం. కౌలు ఒప్పందాలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తాయి. కంప్యూటర్‌లో పేరు లేని మనిషికి ప్రభుత్వం డబ్బు వేయలేదు. ఆ పేరు ఎక్కించే పని రాజకీయంగా ఎవరికీ ఇష్టం లేనిది. కాబట్టి 'కౌలు రైతులకూ ఇస్తాం' అని మీరు మళ్లీ వింటే అడగాల్సిన ప్రశ్న ఎంత ఇస్తారని కాదు, ఏ రికార్డు చూసి ఇస్తారని.

భూమి లేని కూలీలకు 'ఇందిరమ్మ ఆత్మీయ భరోసా' కింద ఏడాదికి రూ.12,000 ఇచ్చేటప్పుడు ఉపాధి హామీ రికార్డు చూశారు. 2023-24లో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్నారు. కూలికి పోయినా ఉపాధి పనికి పోనివాళ్లు అక్కడే ఆగిపోయారు.

ఇక రేషన్ కార్డు. ఉచిత కరెంటు, గ్యాస్ రాయితీ, రుణమాఫీ, అన్నింటికీ అదే తలుపు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలనలో కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. పెళ్లయి వేరు కాపురం పెట్టినవాళ్లు చాలామందికి సొంత కార్డు లేదు, ఎందుకంటే కొత్త కార్డులు ఏళ్ల తరబడి ఇవ్వలేదు. కొత్త కార్డుల పంపిణీ మొదలైంది 2025 జూలైలో. కార్డు చేతికొచ్చినంత మాత్రాన మిగతా పథకాలు వాటంతటవి రావు. కరెంటుకు, గ్యాస్‌కు మళ్లీ మీరే ప్రజాపాలన సేవా కేంద్రంలో వివరాలు ఇవ్వాలి.

కోర్టుకు వెళ్లొచ్చా?

మేనిఫెస్టో పట్టుకుని వెళితే లాభం లేదు. తమిళనాడులో డీఎంకే 2006లో కలర్ టీవీలిస్తామన్న హామీ మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. మేనిఫెస్టోలో వాగ్దానం చేయడం ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అవినీతి చర్య కాదని తేల్చి, మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి చెప్పింది. దాంతో హామీకి డబ్బు ఎలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలన్న నియమం ఎన్నికల నియమావళిలో చేరింది. పార్టీలు దాన్ని ఎంత పట్టించుకుంటాయో మీకు తెలుసు.

జీవో వచ్చాక సంగతి వేరు. అర్హత ఉండీ మీకు ఇవ్వకపోతే అది రాజకీయ ఫిర్యాదు కాదు, అధికారి సమాధానం చెప్పాల్సిన విషయం.

మీరు చేయగలిగింది

ముందు జీవో చదవండి. రెండు రాష్ట్రాలకూ జీవోఐఆర్ పేరుతో వెబ్‌సైట్లున్నాయి. ఏపీలో 2021 ఆగస్టులో ఆపేసిన సైటును 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. జీవోలు దాచుకునే ప్రభుత్వం హామీల గురించి ఎంత గొప్పగా చెప్పినా అనుమానించాల్సిందే. తర్వాత బడ్జెట్‌లో కేటాయింపు చూడండి. అయితే కేటాయింపు అంటే ఖర్చు కాదు. 2024 ఫిబ్రవరి ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లో ఆరు గ్యారంటీలకు రూ.53,196 కోట్లు అని రాశారు. రాసినది రాసినట్టు బయటికి రాదు. ఆర్థిక శాఖ నిధుల విడుదల ఉత్తర్వు ఇచ్చాకే డబ్బు కదులుతుంది. అధికారులు 'బడ్జెట్ వచ్చింది, రిలీజ్ కాలేదు' అనేది దీని గురించే.

మీ పేరు జాబితాలో లేకపోతే గ్రామసభలోనో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. నోటిమాటగా అడిగితే 'వస్తుంది, చూద్దాం' అనే వస్తుంది. రశీదు మీద కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు రాయొచ్చు. గ్రామ స్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. తెలంగాణలో ఆ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేకుండా ఉంది కాబట్టి పని మొదటి అప్పీలులోనే అయ్యేలా చూసుకోవడం మేలు.

దరఖాస్తులో 'నాకు పథకం ఎందుకు రాలేదు' అని రాయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు చట్టం జవాబివ్వమనదు, ఉన్న రికార్డు ఇవ్వమంటుంది. అందుకని ఇలా అడగండి: ఫలానా దరఖాస్తు నంబరు ప్రస్తుతం ఏ అధికారి దగ్గర, ఏ దశలో ఉంది, తిరస్కరించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు, మా గ్రామంలో ఈ పథకానికి అర్హుల, అనర్హుల జాబితా, ఈ ఆర్థిక సంవత్సరంలో మా మండలానికి విడుదలైన మొత్తం, ఖర్చయిన మొత్తం. మీ సేవలో, బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో ఇచ్చిన కాగితాల నకళ్లు, ఆధార్ అనుసంధానం అయినట్టు బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ దగ్గర పెట్టుకోండి.