విమానం చప్పుడుకి తలెత్తారా... దొరికిపోయారు!

బోర్డింగ్ పాసులు ఫైలు కట్టి దాచుకుంటారు. చప్పుడు విని ఏ విమానమో చెప్పేస్తారు. పాయింట్ల కోసం పనిలేకపోయినా ఎగిరొస్తారు. ఏమిటీ వింత అలవాట్లు? వీటివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా?

అందరూ భోజనానికి కూర్చున్నారు. పైన ఎక్కడో విమానం చప్పుడు. మిగతావాళ్లు పప్పన్నం కలుపుకొంటుంటే, ఒక్కరు మాత్రం ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి పరుగెత్తి తల పైకెత్తారనుకోండి... ఆ ఇంట్లో విమానాల పిచ్చి ఉన్నవాళ్లు ఒకరున్నట్టే! శంషాబాద్‌లో గాజు గోడకి ముక్కు ఆనించి చూసేవాళ్లయినా, మెదక్ దగ్గర కుల్చారంలో మిద్దెక్కి చూసేవాళ్లయినా ఈ పిచ్చి లక్షణాలు ఒకటే. కాకపోతే ఇందులో రెండు రకాలున్నాయి. ఒకరు మైళ్లు లెక్కపెడతారు. మరొకరు విమానాల్నే లెక్కపెడతారు.

మైళ్ల మోజు

నెలకి నాలుగుసార్లు ఎగిరేవాళ్లని సెక్యూరిటీ లైన్లోనే పోల్చుకోవచ్చు. వాళ్ల ల్యాప్‌టాప్ బ్యాగులో అన్నిటికన్నా పైనే ఉంటుంది. లేసుల బూట్ల జోలికి పోరు. ‘బోర్డింగ్’ అని మైకులో వినబడగానే అందరూ లేచి వరస కడితే, వాళ్లు మాత్రం లైను తగ్గేదాకా కుర్చీలోంచి కదలరు.

డిసెంబరు వస్తే అసలు లక్షణం బయటపడుతుంది. విమాన సంస్థల సభ్యత్వాల్లో వెండి, బంగారం, ప్లాటినం అంటూ మెట్లుంటాయి. ఏడాదిలో ఇన్ని మైళ్లో, ఇన్ని పాయింట్లో రాకపోతే ఓ మెట్టు దిగిపోవాల్సిందే. కాస్తలో తప్పిపోయేలా ఉంటే చాలు... పొద్దున్నే విమానమెక్కి ఏదో ఊళ్లో దిగి, అక్కడే కాఫీ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఈ విడ్డూరానికి ‘మైలేజ్ రన్’ అని పేరు కూడా ఉంది.

ఈ మోజుకి బీజం పడింది అమెరికాలో. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది రెండున్నర లక్షల డాలర్లు కడితే జీవితాంతం ఫస్ట్‌క్లాసులో ఎన్నిసార్లయినా ఎగరొచ్చంటూ ‘ఎయిర్‌పాస్’ కూడా అమ్మింది. 1987లో దాన్ని కొన్న స్టీవెన్ రోత్‌స్టీన్ పదివేలకు పైగా ప్రయాణాలు చేశాడు. సంస్థ బెంబేలెత్తిపోయింది. దుర్వినియోగం చేశాడంటూ 2008లో పాస్‌ని రద్దుచేసింది.

అంతకన్నా తమాషా 1999లో జరిగింది. ఓ ఆహార సంస్థ తన సరుకుల లేబుళ్లు పంపితే విమాన మైళ్లు ఇస్తానంది. కాలిఫోర్నియాకు చెందిన ఇంజినీరు డేవిడ్ ఫిలిప్స్ లెక్కలేసి చూసి, అన్నిటికన్నా చవకైన పుడ్డింగు కప్పుల్ని 12 వేలకు పైగా కొనేశాడు. అన్ని కప్పుల లేబుళ్లు ఒలిచేదెవరు? పుడ్డింగులు ఓ సేవాసంస్థకి దానమిచ్చి, బదులుగా లేబుళ్లు వాళ్లతోనే తీయించాడు. ఖర్చు మూడువేల డాలర్ల పైచిలుకు. వచ్చింది పన్నెండున్నర లక్షల మైళ్లు!

కుక్క మొరిగితే నవ్వేస్తారు

రెండో రకం వాళ్లకి మైళ్లతో పనిలేదు. వాళ్లకి కావాల్సింది కిటికీ సీటు. రెక్కకి కాస్త వెనక అయితే మరీ సంతోషం. దిగేటప్పుడు రెక్క అంచులు విచ్చుకుని కిందికి వంగడం చూడొచ్చు కదా!

ఎయిర్‌బస్ ఎ320 ఎక్కితే బయల్దేరేముందు కాళ్లకింద కుక్క మొరిగినట్టో, రంపంతో కోస్తున్నట్టో చప్పుడొస్తుంది. కొత్తవాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటారు. వీళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుకుంటారు. అది ఒక ఇంజినే తిరుగుతున్నప్పుడు హైడ్రాలిక్ వ్యవస్థల మధ్య ఒత్తిడిని సరిచేసే యంత్రం చేసే చప్పుడని వాళ్లకి తెలుసు.

దూరం నుంచి చూసి విమానాన్ని పోల్చుకోవడం వీళ్లకి వెన్నతో పెట్టిన విద్య. బోయింగ్ 737కి తోక మొదట్లో ఓ మెలిక ఉంటుంది. 787కి రెక్కలు విల్లులా పైకి వంగుతాయి, ఇంజిన్ల వెనక అంచు రంపపు పళ్లలా ఉంటుంది. ఆ తర్వాత చూపు పడేది విమానం ఒంటిమీద రాసిన నంబరు మీద. మన దేశంలోని పౌర విమానాలన్నిటికీ ‘వీటీ’తోనే మొదలవుతుంది. బ్రిటిష్ పాలనలో వచ్చిన ఆ అక్షరాలే నేటికీ కొనసాగుతున్నాయి.

ఇక దాచుకోవడం సంగతి సరేసరి. ఎయిర్ డెక్కన్, కింగ్‌ఫిషర్, జెట్ ఎయిర్‌వేస్... ఆగిపోయిన సంస్థల బోర్డింగ్ పాసులు వీళ్ల దగ్గర పాత నాణేల్లా భద్రంగా ఉంటాయి. నెదర్లాండ్స్‌కి చెందిన నీక్ వర్మ్యూలెన్ అయితే వాంతి వచ్చినప్పుడు వాడే సంచుల్ని ఆరువేలకు పైగా పోగేసి గిన్నిస్ రికార్డుకెక్కాడు!

ఈ పిచ్చికి మన దేశంలో ఆదిగురువు ఎవరంటే జేఆర్‌డీ టాటా పేరే చెప్పాలి. 1929లో పైలట్ లైసెన్సు అందుకున్న ఆయన, 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా విమానాన్ని తానే నడుపుకొచ్చారు. ఎయిర్ఇండియా ఛైర్మన్‌గా ఎక్కిన విమానంలోనూ ఊరికే కూర్చునేవారు కాదు. కర్టెన్లు ఎలా ఉన్నాయో, టీ రంగు కాఫీలా ఎందుకుందో రాసుకుని, దిగాక సిబ్బందికి ఉత్తరాలు పంపేవారు. చాదస్తం అనుకున్నవాళ్లూ ఉండొచ్చు. ఆ చాదస్తమే ఎయిర్ఇండియాకి ప్రపంచంలో పేరు తెచ్చింది.

నంబరు రాసుకుంటే నేరమా?

అన్నిచోట్లా ఈ సరదా సాఫీగా సాగదు. 2001 నవంబరులో గ్రీసులోని కాలమటా వైమానిక స్థావరం దగ్గర విమానాల నంబర్లు రాసుకుంటున్న 12 మంది బ్రిటిష్, ఇద్దరు డచ్ పౌరుల్ని గూఢచారులన్న అనుమానంతో పట్టుకున్నారు. ‘సెలవుపెట్టి మరీ నంబర్లు రాసుకోవడానికి ఎవరైనా వస్తారా?’ అన్నది అక్కడి అధికారుల అనుమానం. 2002లో ముందు శిక్ష పడింది. చివరికి అదే ఏడాది పైకోర్టు అందర్నీ నిర్దోషులుగా తేల్చింది. 2010లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర హోటల్లో దిగి విమానాల్ని గమనిస్తున్న ఇద్దరు బ్రిటిష్ పౌరులకీ అరెస్టు తప్పలేదు.

కానీ నాణేనికి రెండోవైపు చూడండి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అనుమానితుల్ని రహస్యంగా విమానాల్లో దేశాలు దాటించింది. ఏ విమానం ఎప్పుడు ఎక్కడ దిగిందో తేల్చడానికి పాత్రికేయులకి పనికొచ్చిన ఆధారాల్లో, రన్‌వేల పక్కన నిలబడి సరదాగా తీసిన ఫొటోలూ రాసుకున్న నంబర్లూ ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేని నోట్‌బుక్కులు సాక్ష్యాలయ్యాయి!

మన దేశంలోనూ అలాంటి ఘట్టం ఒకటుంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ఇండియా 171 విమానం పైకి లేచిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. ఆ ఆఖరి క్షణాల్ని ఫోనులో బంధించింది ఓ టీనేజీ కుర్రాడు. పల్లెటూరి నుంచి నాన్న దగ్గరికి వచ్చాడు. విమానాలంటే ఇష్టం. అంత దగ్గరగా ఎగిరే విమానాన్ని వీడియో తీసి ఊళ్లో స్నేహితులకి చూపిద్దామనుకున్నాడు. ఆ వీడియోని ప్రపంచమంతా చూసింది. పోలీసులు అతణ్ని సాక్షిగా పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. సరదాగా తలెత్తి చూసిన పిల్లాడు మోయాల్సివచ్చిన బరువది.

మెదక్ జిల్లాకీ ఈ బరువు తెలుసు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి వచ్చిన శిక్షణ విమానం 2023 డిసెంబరు 4న తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర కూలి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. పైన వెళ్లే ప్రతి చప్పుడు వెనకా మనుషులున్నారని ఈ చుట్టుపక్కల పల్లెలకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మిద్దె మీంచే ఆకాశం

విమానాల్ని చూడ్డానికి కంచెలు పట్టుకుని వేలాడక్కర్లేదు. అసలు వైమానిక దళ స్థావరాల దగ్గర కెమెరా బయటికి తీయడమే తప్పు. స్వీడన్‌లో ఇద్దరు విమానాభిమానులు సరదాగా మొదలుపెట్టిన ‘ఫ్లైట్‌రాడార్24’ వచ్చాక పని తేలికైంది. విమానాలు తామెక్కడున్నదీ రేడియో సంకేతాలతో చెబుతూ ఉంటాయి. ప్రపంచమంతటా ఔత్సాహికులు మిద్దెలమీద పెట్టుకున్న చిన్న రిసీవర్లు వాటిని అందుకుని పంపిస్తాయి. ఇక ఫోను తీసి చూడ్డమే. 2022 ఆగస్టులో అమెరికా స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్తుంటే, ఆ విమానాన్ని దారిలో ఎక్కడో ఓచోట గమనించినవారు 29 లక్షలు!

కుల్చారం నుంచి శంషాబాద్ నేరుగా సుమారు 80 కిలోమీటర్లు. 35 వేల అడుగుల ఎత్తులో వచ్చే విమానం మామూలుగా 190 కిలోమీటర్ల ముందునుంచే దిగడం మొదలెడుతుంది. అంటే ఉత్తరాది నుంచి హైదరాబాద్‌కి వచ్చే విమానం మెదక్ ఆకాశంలోకి వచ్చేసరికే కిందికి దిగుతూ ఉంటుందన్నమాట. ఇంకా దగ్గరగా చూడాలంటే బేగంపేట ఉంది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి తరలిపోయినా ‘వింగ్స్ ఇండియా’ ప్రదర్శన జరిగేది అక్కడే. 2024 జనవరిలో బోయింగ్ 777ఎక్స్, ఎయిర్ఇండియా తొలి ఎ350 కొలువుదీరింది ఆ పాత రన్‌వే మీదే.

కుల్చారానికి ఆకాశంతో ఇంకో పాత చుట్టరికం ఉంది. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది ఈ ఊరేనని చెబుతారు. ఇంటిపేరు కొలచాల. ఆయన వ్యాఖ్యానించిన ‘మేఘదూతం’లో మేఘం కొండలూ నదులూ ఊళ్లూ దాటుతూ సాగిపోతుంది. పైనుంచి చూస్తే నది ముత్యాలపేటలా కనబడుతుందన్న ఊహ అందులోనిదే. విమానం లేని కాలంలోనే కవి కిటికీ సీట్లో కూర్చున్నాడు. మల్లినాథుడు పక్కన కూర్చుని ఒక్కో మాటా విప్పి చెప్పాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన పెట్టుకున్న నియమం.

మీ పిల్లల్లో ఎవరికైనా ఈ పిచ్చి పట్టిందా? విసుక్కోకండి. ఓ చిన్న నోట్‌బుక్ కొనివ్వండి. తేదీ, సమయం, ఎటునుంచి ఎటు వెళ్లింది, ఏ విమానం... చూసింది చూసినట్టు రాసుకోమనండి. మల్లినాథుడి ఊరికి ఎగువన వెళ్లే విమానాలకి కూడా ఓ వ్యాఖ్యాత కావాలి కదా!