మార్పులు చేసిన మోటారు సైకిలు: విద్యుద్దోషములు

మోటారు సైకిలు పెట్రోలుతో నడచునని అందరికిని తెలియును. కాని విద్యుత్తు లేనిదే ఆ పెట్రోలు మండదు.

1998 లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు కార్యాలయములతో నిండినవి. అచట పనిచేయు యువకులు కొందరు తమ వాహనములకు అదనపు దీపములు, పెద్ద హారను, ఫోను ఛార్జరు అమర్చుకొందురు. కొన్నాళ్లకు ఒక ఉదయమున మీట నొక్కినచో ‘టక్’ మను చప్పుడే గాని ఇంజను కదలదు. దోషమెక్కడ?

ముందుగా విద్యుత్తు పుట్టుక తెలియవలెను. ఇంజను తిరుగునపుడు అయస్కాంతములు తీగచుట్టల చుట్టును తిరిగి ఏకాంతర విద్యుత్తును పుట్టించును. రెగ్యులేటరు-రెక్టిఫయరు అను పరికరము దానిని ఏకముఖముగ మార్చి, సుమారు 14 ఓల్టుల వద్ద నిలిపి, బ్యాటరీకి పంపును. బ్యాటరీ చెరువువంటిది. వచ్చు నీటికంటె తూమున పోవు నీరు హెచ్చైనచో చెరువు ఎండక తప్పదు.

55 వాట్ల దీపములు రెండు చేర్చినచో 110 వాట్లు, అనగా సుమారు 9 ఆంపియర్లు అదనముగ ఖర్చగును. సాయంకాలమున బయోడైవర్సిటీ కూడలివద్ద బండ్లు ఆగి ఆగి కదలునపుడు ఇంజను మెల్లగ తిరుగును. ఉత్పత్తి తగ్గును, ఖర్చు తగ్గదు. బ్యాటరీ చెడకున్నను ఖాళీ యగుటకు ఇది ముఖ్య కారణము.

తీగలకును హద్దు కలదు. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగునని 1841 లో జూల్ తెలిపెను. 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టినచో ప్రవాహము 5 నుండి 8.3 ఆంపియర్లకు పెరుగును. వేడి మాత్రము సుమారు 2.8 రెట్లగును. పాత తీగ, పాత స్విచ్చి దీనిని ఓర్వలేవు. అందుచే బ్యాటరీనుండి ఫ్యూజు, రిలే ద్వారా దీపమునకు వేరుగ లావు తీగ వేయవలెను. అప్పుడు స్విచ్చిగుండ రిలేకు చాలినంత స్వల్ప ప్రవాహమే పోవును.

దోషమును వెదకుటకు మల్టీమీటరు చాలును. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇది దొరకును. రాత్రియంతయు నిలిపిన బండి బ్యాటరీ 12.6 ఓల్టులు చూపినచో నిండియున్నట్లు. 12 ఓల్టులకు దిగినచో దాదాపు ఖాళీ. ఇంజనును వేగముగ నడిపినపుడు 13.5 నుండి 14.5 వరకు చూపవలెను. ఏమియు పెరుగనిచో దోషము తీగచుట్టలోగాని, రెక్టిఫయరులోగాని, వాటి కలుపులలోగాని ఉండును. 15 ఓల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినది, బ్యాటరీ ఉడికిపోవును.

తరువాత చట్రమును పరీక్షింపవలెను. మోటారు సైకిలులో ప్రవాహము తిరిగివచ్చు దారి చాలవరకు ఇనుప చట్రమే. కొత్తరంగు వేయించినపుడు ఎర్తు బోల్టు క్రిందకూడ రంగు చేరి దారి మూసికొనును. దీపములు వెలుగుచుండగా బ్యాటరీ ఋణధ్రువమునకు, చట్రమునకు నడుమ ఓల్టులు దాదాపు సున్నగ ఉండవలెను. అర ఓల్టు కనబడినచో అచట రంగు గీకి బిగింపవలెను. వానలో తడిసి పచ్చబడిన కలుపులుకూడ ఇట్టి చిక్కునే తెచ్చును.

తాళము తీసిన పిమ్మటకూడ కొన్ని పరికరములు విద్యుత్తు త్రాగుచుండును. తాళము తీసి, ఋణధ్రువపు తీగ విప్పి, నడుమ మీటరును ఆంపియర్లపై ఉంచినచో ఆ దొంగ పట్టుబడును. అప్పుడు స్టార్టరు మీట నొక్కరాదు, మీటరు చెడును. కేవలము 50 మిల్లీ ఆంపియర్లు కారినను 8 ఆంపియర్-గంటల బ్యాటరీ 160 గంటలలో, అనగా వారము తిరుగకమునుపే, ఖాళీ యగును.

ఎల్.ఇ.డి. సూచిక దీపములు పెట్టిన తరువాత అవి తత్తరపాటుగ మిణుకుచుండుట దోషముకాదు. ప్రవాహము తగ్గినందున పాత ఫ్లాషరు బల్బు మాడినదని భ్రమించును. ఎల్.ఇ.డి. లకు తగిన ఫ్లాషరు పెట్టినచో సరిపోవును.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగితీగ చుట్టుట మహాప్రమాదము. అప్పుడు కాలవలసిన ఫ్యూజుకు బదులు పెట్రోలు టాంకు క్రిందనున్న తీగలు కాలును. ఫ్యూజు శత్రువు కాదు, కావలివాడు. అది పోయినపుడు ఎందుకు పోయినదో విచారించుటయే చికిత్సకు మొదటి మెట్టు.