చిట్టిమల్లు ఓడితే మాయ, గెలిస్తే వీరం

బ్రహ్మనాయుడి పుంజు పేరు చిట్టిమల్లు. నాయకురాలు నాగమ్మ పుంజు పేరు సివంగి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని పందెం. చిట్టిమల్లు ఓడింది, బ్రహ్మనాయుడి మాచర్ల పక్షం మూటాముల్లె సర్దుకుని వలస పోయింది. ఇంతవరకూ పల్నాటి కథలో పేచీ లేదు. ఎందుకు ఓడిందని అడిగితే మాత్రం నాగమ్మ మాయ చేసిందన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ మాయ ఏమిటన్నది చెప్పేవారిని బట్టి మారుతుంది. అదే కథలో బ్రహ్మనాయుడి వైపు వాళ్లు గెలిచిన చోటల్లా గెలిచింది వాళ్ల వీరమే, వెతకాల్సిన మాయ ఏమీ ఉండదు. మనవాడు ఓడితే మోసం, ఎదుటివాడు ఓడితే ధర్మం అనే లెక్క ఎక్కడ కనబడినా, కథను కాసేపు పక్కనపెట్టి దాన్ని చెబుతున్న గొంతును వినాలి.

ఇలాంటి గొంతుకు సాహిత్య విమర్శలో ‘నమ్మదగని కథకుడు’ అని పేరు. 1961లో అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ పెట్టిన పేరది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే కథకులు ఆ పని చేసి చూపించారు. 1843లో ఎడ్గార్ అలన్ పో రాసిన ఒక కథలో ముసలాయన్ని చంపినవాడే కథ చెబుతాడు. తనకు పిచ్చి లేదని వాడు ఎంత గట్టిగా వాదిస్తే మనకు అంత అనుమానం పెరుగుతుంది. జపాన్ రచయిత అకుతగావా 1922లో రాసిన ‘పొదల్లో’ కథ ఇంకా చిత్రం. వెదురుపొదల్లో ఒకడు చచ్చిపడి ఉంటాడు. చంపింది నేనేనని దొంగ అంటాడు, నేనేనని భార్య అంటుంది, నన్ను నేనే పొడుచుకున్నానని చచ్చినవాడి ఆత్మ అంటుంది. శిక్ష తప్పించుకోవడానికి అబద్ధమాడటం లోకంలో ఉన్నదే. ఇక్కడ ముగ్గురూ నేరాన్ని తమ మీదే వేసుకుంటున్నారు, ఎందుకంటే ప్రతివాడికీ ప్రాణం కంటే పరువు ముఖ్యమైంది. నమ్మదగని కథకుడు అబద్ధాలకోరే కానక్కర్లేదు. తను ప్రేమించేదాన్ని కాపాడుకుంటూ చెబుతున్నాడా అన్నదే చూడాల్సింది.

పల్నాటి కథకుడు ప్రేమించేది ఎవరినో దాపరికం లేదు. శ్రీనాథుడి పేరుతో నిలిచిన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. దానికి వెలుపల, నోటి మీద బతికిన కథ వీరవిద్యావంతులనే గాయకులది. జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆ గాయకుల నోట విని రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకం వేశారు. కార్తీక అమావాస్య నుంచి కారెంపూడిలో అయిదు రోజులు సాగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ వీళ్ల పాట వినబడుతుంది. ఈ గాయకులు మాలలు. కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నవాడు. తమకు పంక్తిలో చోటిచ్చిన మనిషి గురించి తటస్థంగా పాడమని వాళ్లను ఎవరు అడగగలరు? పైగా అక్కడ వీరులంటే గుళ్లో దేవుళ్లు. నాగమ్మ పక్షమైన గురజాల వైపు నిలబడి ఇంత పట్టుగా పాడిన గొంతు మనకు అందలేదు. ఈ కథ మీద వచ్చిన సినిమా మటుకు 1966లో నాగమ్మ వేషం భానుమతికిచ్చి, తెలిసో తెలియకో ఆ లోటు కొంత పూడ్చింది.

అయితే ఈ కథకుడి గొప్పతనమల్లా, తనవాళ్లకు ఇబ్బంది తెచ్చే సంగతుల్ని కూడా మింగేయకపోవడంలోనే ఉంది. బొంగరాల ఆటలో మునిగి ఉన్న బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి గురజాలతో యుద్ధానికి లేపింది రాజాజ్ఞ కాదు, ఆ బొంగరం తగిలి గాయపడిన ఒక కోమటి స్త్రీ దెప్పిపొడుపు. తరువాత అనపోతు ఘట్టం చూడండి. అతను బ్రాహ్మణుడు, బాలచంద్రుడి ప్రాణమిత్రుడు. యుద్ధంలో అతను చస్తే పాపం చుట్టుకుంటుందని బాలచంద్రుడు ఏదో మరిచివచ్చానని నెపం పెట్టి అతన్ని వెనక్కు పంపి, ఈలోగా మిగతావాళ్లతో ముందుకు సాగిపోతాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణం తీసుకుంటాడు. కథకుడు దీన్ని స్నేహమనే చెబుతాడు, మనమూ కళ్లు తుడుచుకుంటాం. కానీ జరిగిందేమిటి? వీరుడు అబద్ధమాడాడు, ఆ అబద్ధం ఎవరి ప్రాణం నిలబెట్టాలనుకుందో వాడి ప్రాణాన్నే తీసింది. ఇదే పని నాగమ్మ చేసి ఉంటే దానికి కథలో ఏ పేరు పెట్టేవారో ఊహించడం కష్టం కాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. బూత్ చెప్పిన కథకుడి వెనక ఒక రచయిత నిలబడి, వీణ్ణి నమ్మకండని పాఠకుడికి సైగ చేస్తుంటాడు. తరాల గొంతుల్లో పెరిగిన పాటలో ఆ సైగ చేసేదెవరు? నిజమే, ఎవరూ లేరు. ఆ పేరు ఈ కథకు అచ్చంగా అతకదని ఒప్పుకోవాలి. చదివే పద్ధతి మాత్రం అతుకుతుంది: కథకుడి మెప్పుకూ కథలో జరిగినదానికీ మధ్య ఎడం పడినచోట ఆగి చూడటానికి రచయిత సైగ అక్కర్లేదు. ఇలా అనుమానిస్తూ పోతే ఏదీ నిలవదు కదా అని ఇంకొందరంటారు. అన్నీ ఒకేలా కూలిపోవు. పాడేవాడి అభిమానానికి లాభం తెచ్చే మాటను ఆచితూచి తీసుకోవాలి, నష్టం తెచ్చే మాటను ఎక్కువ నమ్మవచ్చు. మాయ జరిగిందన్నది మొదటి రకం. ఓటమి రెండో రకం. కారెంపూడి ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు అయ్యాక నాలుగో రోజు కోడిపోరు. వీరులను దేవుళ్లుగా కొలిచే ఊరే, ఆ దేవుళ్లు ఓడిన పందేనికి ఏటా ఒక రోజు పెట్టుకుంది. ఆ పందేనికి బ్రహ్మనాయుడు తానే ఒప్పుకున్నాడన్న సంగతినీ పాట దాచలేదు.