పది నిమిషాల బ్యాటరీ.. పావుగంట రేసు!

ఎలక్ట్రిక్ బైక్‌ల ప్రపంచ పోటీకి బ్రేక్ పడింది. అది నేర్పిన చదువుకు మాత్రం మన ఎండల్లో గిరాకీ ఉంది.

చిన్న లెక్క చేద్దామా? ఒక రేసు బైక్ బ్యాటరీలో 18 యూనిట్ల కరెంటు పడుతుంది. మోటారు గరిష్ఠ శక్తి 110 కిలోవాట్లు, అంటే దాదాపు 150 హార్స్‌పవర్. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి అలాగే పట్టుకుంటే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? రాజంపేటలో డిప్లొమా చదువుతున్న మీరు నిమిషంలో చెప్పేస్తారు.. పది నిమిషాల్లోపే! కానీ రేసు దాదాపు పావుగంట. మరి గెలిచేదెలా? ఎక్కడ వాడాలో, ఎక్కడ దాచుకోవాలో తెలిసినవాళ్లే గెలుస్తారు.

ఏమిటీ మోటోఈ?

మోటోజీపీకి తోడుగా 2019లో మొదలైన ఎలక్ట్రిక్ బైక్‌ల పోటీ ఇది. ఆరంభమే కష్టంగా జరిగింది. ఆ ఏడాది మార్చిలో స్పెయిన్‌లోని హెరెజ్‌లో ప్రాక్టీసు జరుగుతుండగా రాత్రిపూట మంటలు చెలరేగి బైక్‌లన్నీ కాలిపోయాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ బైక్‌లు తయారుచేసుకుని జులైలో జర్మనీలో తొలి రేసు నడిపారు.

2023లో దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా వచ్చింది. ఆ సీజన్ నుంచి అందరికీ ఒకటే బండి.. డుకాటీ వి21ఎల్. ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో మొదలై ఇటలీలోని మిసానోలో ముగిసిన ఆ సీజన్‌లో 8 చోట్ల 16 రేసులు జరిగాయి. ఇటలీ కుర్రాడు మాతియా కసాదెయ్ టైటిల్ కొట్టాడు. బండి ఒకటే అయినప్పుడు తేడా తెచ్చేది రైడర్ చేయి, వెనకున్న టెక్నీషియన్ల బుర్ర!

అసలు పోటీ వేడితోనే

వి21ఎల్ బరువు 225 కిలోలు. అందులో బ్యాటరీయే 110 కిలోలు. మోటోజీపీ బైక్ ట్యాంకులో పట్టే 22 లీటర్ల పెట్రోలు బరువు పదహారు కిలోలే. అయినా ఆ పెట్రోలులో ఉన్న శక్తి ఈ బ్యాటరీకి దాదాపు పది రెట్లు. పెట్రోలు ఇంజిన్ అందులో సగానికి పైగా వేడి రూపంలో పోగొట్టుకుంటుంది. ఎలక్ట్రిక్ మోటారు వృథా చేసేది చాలా తక్కువ. అందుకే అంత చిన్న నిల్వతో కూడా ఈ బైక్ గంటకు 275 కిలోమీటర్ల వేగం అందుకుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. తీగలో కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అంటే రైడర్ యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ బ్యాటరీ ఉడుకుతుంది. వేడి హద్దు దాటితే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తనంతట తాను శక్తి తగ్గించేస్తుంది. అందుకే డుకాటీ ఇంజినీర్లు బ్యాటరీకి ఒకటి, మోటారు-ఇన్వర్టర్లకు మరొకటి చొప్పున రెండు వేర్వేరు కూలింగ్ లైన్లు పెట్టారు. దీంతో రేసు అవ్వగానే చల్లారేదాకా ఆగకుండా ఛార్జింగ్ పెట్టేయొచ్చు. 45 నిమిషాల్లో 80 శాతం ఎక్కుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో నిలబెట్టిన స్కూటరు బ్యాటరీ, ఇంకా బయల్దేరకముందే వేడెక్కి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఓ ఇంట్లో స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన ప్రాణం పోయింది. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాత, డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతా నిబంధనలు కఠినం చేశారు. సెల్ ఎందుకు వేడెక్కుతుంది, ఎలా ఆపాలి అన్నది రేసు ట్రాక్‌లో గెలుపోటముల ప్రశ్న. మన ఇళ్లలో అది ప్రాణాల ప్రశ్న.

పోటీ ఆగింది.. మరి కెరియర్?

2025 సీజన్ తర్వాత మోటోఈకి విరామం ఇస్తున్నట్లు నిర్వాహకులు ఆ సెప్టెంబరులో ప్రకటించారు. ఆశించినంత మంది అభిమానులు రాలేదు, ఖరీదైన ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ బైక్‌ల మార్కెట్ పెరగలేదు అన్నవి వాళ్లు చెప్పిన కారణాలు. ఇది చూసి ‘ఈవీల పని అయిపోయింది’ అనుకోవద్దు. ఆగింది రేసు బైక్‌ల పోటీ. మన వీధుల్లో తిరిగే స్కూటర్లు, ఆటోలు ఆగలేదు. అలాగని సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఉద్యోగం వచ్చేస్తుందనీ అనుకోవద్దు. వేడిని కొలవడం, డేటా చదవడం, లోపం పట్టుకోవడం వచ్చినవాళ్లకే విలువ.

రాజంపేట నుంచి దారి

* బీటెక్ విద్యార్థులు: మెకానికల్ వాళ్లు కూలింగ్, ఈఈఈ వాళ్లు మోటారు-ఇన్వర్టర్, కంప్యూటర్స్ వాళ్లు బ్యాటరీ సాఫ్ట్‌వేర్ పట్టుకోవచ్చు. మూడు బ్రాంచిల వాళ్లూ కలిస్తేనే జట్టు. విద్యార్థులు తయారుచేసిన ఎలక్ట్రిక్ వాహనాలకు ఈబాహా, ఫార్ములా భారత్ పోటీలున్నాయి. స్పెయిన్‌లో జరిగే మోటోస్టూడెంట్‌లో ఎలక్ట్రిక్ బైక్‌లకు ప్రత్యేక విభాగమే ఉంది.

* ఐటీఐ, డిప్లొమా వాళ్లు: మల్టీమీటర్ వాడకం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం ముందు నేర్చుకోండి. ప్యాక్ విప్పే పని మాత్రం శిక్షణ లేకుండా చేయొద్దు. వి21ఎల్‌లో వోల్టేజీ 800. స్కూటర్లలో అంత ఉండకపోయినా, షార్టయితే మంటే!

* ఇంట్లోనే చదువుకోవాలంటే: ఎలక్ట్రిక్ వాహనాలపై ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి.

* పని ఎక్కడ: తిరుపతి బస్సెక్కితే ఊరు చేరకముందే కరకంబాడి.. అమరరాజా బ్యాటరీల అడ్డా. ఆ సంస్థ లిథియం సెల్స్ కోసం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో భారీ ప్లాంటు తలపెట్టింది. హీరో విడా స్కూటర్లు తయారయ్యేది సత్యవేడు దగ్గరే.

మొదటి ప్రాజెక్టుకు లక్షలు అక్కర్లేదు. ఒక స్కూటరు, ఒక థర్మామీటరు చాలు. నెల రోజులు ఎండలో, నీడలో, ఛార్జింగ్‌కు ముందు, తర్వాత బ్యాటరీ పెట్టె పైభాగం ఎంత వేడెక్కిందో రాసిపెట్టండి. అన్ని కిలోమీటర్లకు ఎంత ఛార్జింగ్ తగ్గిందో పక్కనే వేయండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావ్?’ అని అడిగితే ఆ నోటుబుక్కు తీసి చూపించండి.