బోర్డుల మీది తప్పులతో పాఠం చెప్పేటప్పుడు

మన బడిలో ఏటా ఎవరో ఒక టీచరు బోర్డుల పాఠం పెట్టుకుంటారు. పిల్లలు వారమంతా రోడ్డు మీదా, బఖాలాలోనూ, హోటల్ మెనూలోనూ కనబడిన తమాషా ఇంగ్లీషుని ఫోటో తీసుకొస్తారు. శుక్రవారం క్లాసులో దాన్ని తెలుగులోకి మార్చి చెబుతారు. అన్నిటికన్నా ముందు వచ్చేది ఎప్పుడూ ఒకటే: 'నో బార్కింగ్'. "మొరగరాదు! కుక్కలకి కూడా రూలా టీచర్?" అని ఒకరంటారు, క్లాసంతా గొల్లుమంటుంది. పాఠం బ్రహ్మాండంగా మొదలైందని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నేను మొదటిసారి ఈ పాఠం చెప్పిన రోజు పావుగంట సేపు అందరం నవ్వుతూనే ఉన్నాం. వెనక వరసలో ఒక బాబు మాత్రం నవ్వలేదు. ఫోటోలు వచ్చినప్పుడల్లా ముందుకు వంగి జాగ్రత్తగా చూస్తున్నాడు. మర్నాటి వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మగారు మెల్లిగా చెప్పారు. వాళ్ళ నాన్నగారు పనిచేసేది బోర్డులు తయారుచేసే షాపులో. ఆ ఫోటోల్లో నాన్న చేసిన బోర్డు ఉందేమోనని పిల్లవాడు వెతుక్కున్నాడట.

ఆ తర్వాత ఈ పాఠాన్ని మానేద్దామనుకున్నాను. మానలేదు, చెప్పే పద్ధతి మార్చాను. మీరు కూడా చెప్పబోతున్నారు కాబట్టి, ఆ తప్పులు ఎందుకొస్తాయో ముందు మనకి తెలియాలి. కారణం తెలియకుండా నవ్విస్తే మిగిలేది వెక్కిరింతే.

'బార్కింగ్' సంగతి చూద్దాం. అరబ్బీలో 'ప' ధ్వని లేదు. పార్సీ, ఉర్దూ లిపుల్లో దానికోసం మూడు చుక్కల అక్షరం ఉంది, అరబ్బీకి అది అవసరం పడలేదు. అందుకని బయటినుంచి వచ్చిన 'ప' అంతా 'బ' అయిపోతుంది. పెప్సీ డబ్బా తిప్పి అరబ్బీ వైపు చదివించండి, 'బీబ్సీ' అని ఉంటుంది. 'వ' కూడా అంతే, ఎక్కువగా 'ఫ' అవుతుంది. పిల్లల్ని వాళ్ళ ఇఖామా మీద అరబ్బీలో తమ పేరు ఎలా ఉందో చూసి రమ్మనండి. ప్రసాద్ 'బ్రసాద్'గా, పద్మ 'బద్మా'గా కనబడతారు. ఇదేదో వాళ్ళ లోపమని పిల్లలు అనుకోకుండా వెంటనే మన సంగతీ చెప్పాలి. తెలుగులో 'ఆఫీసు' రాయడానికి మనకి సరైన అక్షరం ఉందా? 'ఫలం'లో ఉన్న ఒత్తు 'ఫ'నే తెచ్చి పెట్టుకున్నాం. 'జూ'కి, 'జీరో'కి 'జ'తోనే సరిపెట్టుకుంటున్నాం. ఇంకోటి చెబితే పిల్లలు బాగా నవ్వుతారు, ఈసారి మనల్ని చూసి. అరబ్బీలో 'ఖల్బ్' అంటే గుండె, 'కల్బ్' అంటే కుక్క. మొదటిది గొంతు లోపలినుంచి పలకాల్సిన అక్షరం, మనకి అది లేదు. ప్రేమగా 'నా గుండె' అనబోయి 'నా కుక్క' అనేసేవాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేం లేరు.

రెండో కారణం ఇంకా ఆసక్తికరం. అరబ్బీలో మామూలుగా పొట్టి అచ్చులు రాయరు. మన గుణింతాల్లో తలకట్టు, గుడి, కొమ్ము తీసేసి హల్లులు మాత్రం రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చదివేవాడు సందర్భాన్ని బట్టి అచ్చులు తనే వేసుకోవాలి. మన పాఠానికి సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది. మీమ్, దాల్, రా, సీన్, చివర తా మర్బూతా: ఈ ఐదు అక్షరాల్ని 'మద్రసా' అని చదివితే బడి, 'ముదర్రిసా' అని చదివితే పంతులమ్మ. అలాగే రియాద్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ నంబరు పక్కన ఉండే 'మఖ్రజ్'. అవే నాలుగు అక్షరాల్ని 'ముఖ్రిజ్' అని చదివితే సినిమా దర్శకుడు. రోడ్డు మీద పోయేవాడికి ఏ తికమకా ఉండదు, దర్శకులు నంబర్లు వేసుకుని రోడ్డు పక్కన నిలబడరు కదా! కానీ రోడ్డు కనబడని యంత్రం ముందు ఆ ఒక్క మాటే పెడితే అది ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఈ రెండు కారణాలూ కలిసిన నమూనా ఒకటుంది, చాలామంది ఫోన్లలో తిరిగిన ఫోటోయే. విందులో మాంసం ఉండల గిన్నె ముందు ఇంగ్లీషు చీటీ: 'పాల్ ఈజ్ డెడ్'. పాల్ చనిపోయాడు! జరిగిందేమిటంటే, ఎవరో 'మీట్ బాల్' అన్న ఇంగ్లీషు మాటనే అరబ్బీ అక్షరాల్లో 'మీత్ బోల్' అని రాశారు. దాన్ని యంత్రానికి ఇస్తే అది అరబ్బీ మాటే అనుకుంది. మొదటి మాటకి వేరే అచ్చులు వేసుకుంటే 'మయ్యిత్', అంటే చనిపోయినవాడు. 'బోల్' అంటే పాల్, ఎందుకంటే 'ప' లేదు. దీన్ని బల్ల మీద మెట్టుమెట్టుగా రాసి చూపించండి. ఊరికే నవ్విస్తే రెండు నిమిషాలే, విప్పి చూపిస్తే అరగంట పాఠం.

పెద్ద పిల్లల క్లాసయితే చైనా ఉదాహరణ కూడా తీసుకోండి. జారుడు నేల దగ్గర అక్కడ 'జాగ్రత్తగా జారండి' అని అర్థం వచ్చే ఇంగ్లీషు బోర్డులు ప్రసిద్ధి. చైనీస్‌లో ఉన్నది నాలుగు అక్షరాలు. మొదటి రెండూ 'షియావ్‌షిన్', అంటే జాగ్రత్త. మూడోది 'ది', అంటే నేల. నాలుగోది 'హ్వా', అంటే జారుడు. జాగ్రత్త, నేల జారుతుంది. అంతే. కానీ ఆ మూడో అక్షరానికి ఇంకో చదువు ఉంది. దాన్ని 'ద' అని పలికితే అచ్చం మన 'గా' ప్రత్యయం చేసే పనే చేస్తుంది. జాగ్రత్త, గా, జారు. ఇంగ్లీషులో ఇది చెప్పడం కష్టం, తెలుగులో ఒక్క 'గా'తో తేలిపోయింది. మన పిల్లలకి తెలుగు ఎక్కడ పనికొస్తుందని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

2008 ఒలింపిక్స్‌కి ముందు బీజింగ్ అధికారులు ఇలాంటి బోర్డుల్ని వెతికి మార్పించారు. అక్కడి వివిధ జాతుల సంస్కృతిని చూపించే పార్కుకి 'రేసిస్ట్ పార్క్' అని ఉన్న పేరు కూడా అప్పుడే వార్తల్లోకెక్కింది. బహిరంగ స్థలాల్లో ఇంగ్లీషు ఎలా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం 2017 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అందరూ సంతోషించలేదు. ఓలివర్ రాట్కె అనే జర్మన్ ఆయన ఈ బోర్డుల ఫోటోలు పోగుచేసి 2007లో పుస్తకం వేశాడు. వీటిని తుడిచేయకూడదనీ, చైనీస్ ఆలోచన ఇంగ్లీషులో కనబడేది ఇక్కడేననీ ఆయన వాదన. నాకు సగమే ఒప్పుదల. విహారానికి వచ్చినవాడికి అది ముచ్చటే. ఆసుపత్రిలో దారి వెతుక్కునేవాడికి కాదు.

యంత్రమో, ఇంగ్లీషు రానివాళ్ళో మాత్రమే తప్పు చేస్తారని పిల్లలు తేల్చేయకుండా వేల్స్ కథ చెప్పండి. 2008లో స్వాన్సీలో పెద్ద లారీలు రాకూడదని రెండు భాషల్లో బోర్డు కావాల్సి వచ్చింది. ఇంగ్లీషు వాక్యాన్ని అనువాదకుడికి మెయిల్ చేస్తే వెల్ష్‌లో జవాబొచ్చింది, దాన్ని బోర్డెక్కించారు. అది 'నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువాదం పని ఉంటే పంపండి' అనే ఆటోమేటిక్ జవాబు. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో హటియా నుంచి ఎర్నాకుళం వెళ్ళే రైలు బోర్డు మీద మలయాళంలో 'కొలపాతకం' అని పడింది. హటియా రాంచీ దగ్గర స్టేషను. ఎవరో, ఏదో దాన్ని హిందీ 'హత్య'గా చదివారు.

ఇక తెలుగు. కొన్ని పనిచోట్ల భద్రతా సూచనలు మన భాషలోనూ కనబడతాయి. వీటి విషయంలో మాత్రం నవ్వులాట పక్కన పెట్టాలి. మా క్లాసులో ఒకమ్మాయి 'వెట్ ఫ్లోర్' అన్నదాన్ని ఫోన్లో తెలుగు చేసి తెచ్చింది: 'తడి అంతస్తు'. ఫ్లోర్ అంటే నేలా ఉంది, అంతస్తూ ఉంది. చైనా 'ది' లాంటి చిక్కే. అక్షరాల గొడవ వేరే. తెలుగు లిపి తెలియని సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఒత్తులు కింద చేరవు, ప్రతి అక్షరం పొల్లుతో విడివిడిగా నిలబడుతుంది. అదే సాఫ్ట్‌వేర్ అరబ్బీని కూడా పాడుచేస్తుంది, కలవాల్సిన అక్షరాలు విడిపోయి ఎడమనుంచి కుడికి తిరగబడతాయి. కరీంనగర్ నుంచో కడప నుంచో వచ్చి క్రేన్ కింద పనిచేసే మనిషికి ఆ బోర్డు అర్థం కాకపోతే నష్టం భాషకి కాదు. పిల్లల్లో ఎవరి నాన్న ఎక్కడ పనిచేస్తున్నారో మనకి పూర్తిగా తెలియదు, అది గుర్తుంచుకోండి.

సరైన తెలుగు బోర్డు కూడా మన పిల్లలకి తికమకే. ఊళ్ళో బస్టాండులో తీసిన 'పొగ త్రాగరాదు' ఫోటో చూపించాను. ఒకబ్బాయి 'పొగ తాగడం రాదు' అని అర్థం చెప్పాడు, అంటే ఆ బస్టాండుకి సిగరెట్ కాల్చడం చేతకాదట! వాడి తప్పేముంది? వాడికి తెలిసిన 'రాదు' ఇంట్లో విన్నదే: 'వీడికి తెలుగు రాదు.' ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటాడో. 'కూడదు' అనే అర్థంలో వచ్చే 'రాదు'ని బోర్డుల ద్వారానే నేర్పడం తేలిక: నిలపరాదు, తాకరాదు, ప్రవేశించరాదు. పొగని 'తాగడం' ఏమిటని కూడా అడుగుతారు. ఈజిప్టు అరబ్బీలో కూడా సిగరెట్ తాగుతారని చెప్పండి, స్కూల్లో ఈజిప్షియన్ టీచర్ ఉన్న పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు.

ఎవరి తప్పుని చూసి నవ్వుతాం, ఎవరిది చూసి ఊరుకుంటాం అన్నది పెద్ద పిల్లలతో మాట్లాడాల్సిన విషయం. ఇంగ్లీషువాళ్ళకి 'కడప' నోరు తిరక్క 'కడ్డపా' అని రాసుకున్నారు. 2005లో మార్చేదాకా మన ప్రభుత్వ కాగితాల మీద అదే స్పెల్లింగ్. కాకినాడ 'కోకనాడా' అయింది, రాజమహేంద్రవరం 'రాజమండ్రి'గా మన నోళ్ళలోనే స్థిరపడింది. సౌదీ ప్రభుత్వం కూడా 1980ల్లో 'మెక్కా' స్పెల్లింగుని వదిలేసి 'మక్కా' అని రాయాలని నిర్ణయించింది. దొర తప్పు రాస్తే అది ఊరి పేరు, బఖాలా అతను తప్పు రాస్తే అది జోకు. ఎందుకలా అని అడిగి ఊరుకోండి, పిల్లలే మాట్లాడతారు.

ఈ సంభాషణ వాళ్ళ దాకా కూడా వస్తుంది, రానివ్వండి. మా క్లాసులో ఒక పాప వేసవి సెలవుల్లో తాతగారితో 'నేను స్నానం తీసుకున్నాను' అందట. ఇంటిల్లిపాదీ నవ్వారు, ప్రేమగానే. తర్వాత రెండేళ్ళు ఫోన్లో 'హాయ్ తాతయ్యా, బై తాతయ్యా' తప్ప ఇంకో మాట మాట్లాడలేదని వాళ్ళమ్మగారు చెప్పారు. 'తీసుకున్నాను' ఇంగ్లీషు నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. కానీ ఆ వాక్యంలో ప్రత్యయాలు, కాలం, పురుష అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క క్రియే ఇంగ్లీషు అలవాటు. బోర్డుని విప్పినట్టే ఆ వాక్యాన్నీ విప్పి చూపిస్తే, తను ఎంత సరిగ్గా చెప్పిందో ఆ పిల్లకి తెలుస్తుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఫోటో తెచ్చినవాళ్ళు మూడు ప్రశ్నలకి తెలుగులో జవాబు చెప్పాలి: రాసినవాళ్ళు ఏం చెప్పదలచుకున్నారు, తప్పు ఏ అక్షరం దగ్గర, ఏ మాట దగ్గర జరిగింది, నువ్వైతే ఎలా రాస్తావు. నవ్వు వస్తే నవ్వనిస్తాను. షాపు పేరు కనబడకుండా ఫోటో కత్తిరించి తెమ్మంటాను. ప్రభుత్వ కార్యాలయాలు, చెక్‌పోస్టులు, మనుషుల ముఖాలు ఫోటో తీయకూడదని తల్లిదండ్రులకి ముందే మెసేజ్ పెట్టండి, ఇక్కడ అది చిక్కు.

ఆ బాబు మూడోవారం తిరిగొచ్చాడు. నేను వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి, బోర్డు ఎలా తయారవుతుందో పిల్లలకి చెప్తారా అని అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు, చేతిలో అక్రిలిక్ ముక్కలతో. పార్టీ వాట్సాప్‌లో పంపిన అక్షరాలే మెషీన్లో కోస్తామనీ, ఒక్క అక్షరం మార్చినా బోర్డు వెనక్కొచ్చి ఆ ఖర్చు తన జీతంలో పడుతుందనీ చెప్పారు. "తప్పని తెలిసినప్పుడు ఏం చేస్తారు అంకుల్?" అని ఒకమ్మాయి అడిగింది. "ముదీర్‌కి ఒకసారి చెప్తానమ్మా. రెండోసారి చెప్పను" అన్నారు. తర్వాత పిల్లలందరి పేర్లూ తెలుగులో, అరబ్బీలో రాయించుకుని, ఒత్తులు సరిచూడమని కొడుకు చేతికే ఇచ్చారు.